పెద్దపులి, చిరుతల వేట: దేహ నిర్మాణ పరిజ్ఞానం, తుపాకి ఎంపిక

యూనిట్ – 9

విషయ క్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 పులి శరీర నిర్మాణం
9.3 తుపాకి ఎంపిక
9.4 గురి తప్పితే ఏమవుతుంది: రెండు ఉదాహరణలు
9.5 గాయపడిన పులి వెంట
9.6 నేటి చట్టం, మత్తు తుపాకి
9.7 సారాంశం
9.8 పదకోశం
9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• పెద్దపులి, చిరుతల దేహ నిర్మాణం గడ్డి మేసే జంతువుల నిర్మాణానికి ఏయే విషయాల్లో భిన్నమో చెప్పగలుగుతారు.
• వేటగాళ్లు తుపాకిని, తూటాను ఏ ప్రాతిపదికన ఎంచుకొనేవారో వివరించగలుగుతారు.
• సరిగా తగలని తూటాకూ, మనుషులను చంపే పులులకూ ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• ఇదే పరిజ్ఞానం నేడు వన్యప్రాణి సంరక్షణలో ఎలా ఉపయోగపడుతున్నదో గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

పులుల వేట అనగానే ఏనుగు అంబారీ మీద కూర్చున్న రాజులు, చచ్చిన పులి మీద కాలు మోపి ఫోటో దిగిన దొరలు మన కళ్ల ముందు మెదులుతారు. మన ప్రాంతంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటగాడిగా పేరు పొందాడు. బ్రిటిష్ పాలనలో ఇది పెద్ద హోదాకు గుర్తు. అయితే ఈ ఆడంబరం వెనక ఒక కఠినమైన ప్రశ్న ఉంది. పేల్చిన తూటా పులిని చంపకుండా గాయపరచి వదిలేస్తే, ఆ ఫలితాన్ని ఎవరు అనుభవిస్తారు?

తుపాకి పేల్చినవాడు మరునాడు తన ఊరికి వెళ్లిపోతాడు. గాయపడిన పులి మాత్రం ఆ అడవిలోనే ఉంటుంది. అదే అడవికి కట్టెల కోసం, పశువుల మేత కోసం రోజూ వెళ్లే ఆడవాళ్లు, పశుల కాపరులు ఉంటారు. కాబట్టి అనుభవజ్ఞులైన వేటగాళ్లు రెండు విషయాలను పట్టుబట్టి చెప్పేవారు. ఒకటి, పులి శరీరంలో ప్రాణస్థానాలు ఎక్కడ ఉంటాయో ముందు తెలుసుకోవాలి. రెండు, ఆ స్థానానికి చేరగల శక్తి ఉన్న తుపాకి చేతిలో ఉండాలి. ఈ రెండింటినీ, అవి లేనప్పుడు జరిగిన నష్టాన్నీ ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం.

భారతదేశంలో పెద్దపులి, చిరుత, సింహాలను వేటాడటం నేడు తీవ్రమైన నేరం. ఇక్కడ వేట గురించి చెప్పిన విషయాలను చరిత్రగా, జీవశాస్త్రంగా చదవాలి.

9.2 పులి శరీర నిర్మాణం

పెరిగిన మగ పెద్దపులి సాధారణంగా 180 నుంచి 260 కిలోల బరువు ఉంటుంది. ఆడపులి 100 నుంచి 160 కిలోలు ఉంటుంది. మగ చిరుత బరువు ఎక్కువగా 50 నుంచి 70 కిలోల మధ్య ఉంటుంది. అంటే చిరుత బరువు ఒక మనిషి బరువుకు దగ్గర. వేటలో ఈ తేడా ముఖ్యమైనది. లక్ష్యం ఎంత చిన్నదైతే గురి అంత కచ్చితంగా ఉండాలి.

9.2.1 భుజం

మన భుజాన్ని రొమ్ము ఎముకతో కలిపే జత్రువు అనే ఎముక ఉంటుంది. పులి, చిరుతల్లో ఇది కండరాల మధ్య ఒక చిన్న ముక్కగా మాత్రమే మిగిలింది. వాటి రెక్క ఎముకలు మొండేనికి కండరాలతోనే అతుక్కొని ఉంటాయి. అందువల్లనే పులి నడుస్తున్నప్పుడు దాని భుజాలు వీపు కన్నా ఎత్తుకు లేచి దిగుతూ కనిపిస్తాయి. అంగ పెద్దది కావడానికీ, పై నుంచి దూకినప్పుడు అదురు తగలకుండా ఉండటానికీ ఇది తోడ్పడుతుంది.

వేటగాడికి మాత్రం ఇది చిక్కు. నడిచే పులి భుజం, మోచేయి ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటాయి. లోపల ఉన్న గుండె జరగదు. కదిలే భుజాన్ని గుర్తుగా పెట్టుకొని పేలిస్తే తూటా ఒకసారి గుండెకు ముందు, మరోసారి వెనక తగులుతుంది. పులి నిలబడేదాకా ఆగాలి అన్న నియమానికి కారణం ఇదే.

9.2.2 గుండె, ఊపిరితిత్తులు

పులికి 13 జతల పక్కటెముకలు ఉంటాయి. గుండె రొమ్ము కింది భాగంలో, రెండు ఊపిరితిత్తుల మధ్య ఉంటుంది. దుప్పి, కణితి వంటి జంతువుల్లో గుండె దాదాపు ముందుకాలి గీతకు సరిగా ఉంటుంది. పులి, చిరుతల్లో గుండె, ఊపిరితిత్తులు ముందుకాలి గీతకు కొంత వెనక్కి ఉన్నట్లు కనిపిస్తాయి. దుప్పుల వేటలో చేయి తిరిగినవాడు అదే అలవాటుతో పులి మీద పేలిస్తే తూటా ముందుకు పడి, భుజం కండను చీల్చి పోవచ్చు. పులి కుంటిదవుతుంది కాని చావదు. మరీ వెనక్కి పడితే కడుపులో తగులుతుంది. అప్పుడు పులి వెంటనే చావదు. చాలాసేపు, ఒక్కోసారి రోజుల తరబడి, బాధతో పొదల్లో పడి ఉంటుంది. వేటలో అన్నిటికన్నా ప్రమాదకరమైన గాయం ఇదే.

గుండెకు సూటిగా తగిలినా పులి అక్కడికక్కడే కూలుతుందని చెప్పలేం. రక్త ప్రసరణ ఆగినా, మెదడుకు చేరిన ప్రాణవాయువుతో జంతువు కొన్ని సెకన్ల పాటు కదలగలదు. మీద పడే పులి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తుందనుకుంటే, సెకనుకు సుమారు 14 మీటర్లు వస్తుంది. 5 సెకన్లు చాలు, 70 మీటర్ల దూరం దాటుతుంది. చచ్చిపోతున్న పులి కూడా మనిషిని చంపగలదని పాత వేటగాళ్లు చెప్పిన మాటకు ఇదే లెక్క.

9.2.3 పుర్రె, పళ్లు

పులి తల పెద్దదిగా కనిపిస్తుంది. కాని అందులో అధిక భాగం దవడ కండరాలే. పుర్రె పైన మధ్యలో ఎత్తైన ఎముక గట్టు ఉంటుంది. ఆ గట్టుకు దవడ కండరాలు అతుక్కొని ఉంటాయి. మెదడు ఉన్న గది చిన్నది, తలలో వెనక్కి ఉంటుంది. నుదురు వెనక్కి వాలి ఉంటుంది. ఎదురుగా వచ్చే పులి నుదుటి మీద పేల్చిన బలహీనమైన తూటా ఆ వాలు మీద జారి పక్కకు పోయే అవకాశం ఉంది. అందువల్ల తల మీద గురి పెట్టడాన్ని తప్పనిసరి పరిస్థితికే పరిమితం చేసేవారు.

పులి నోట్లో 30 పళ్లు ఉంటాయి. నాలుగు కోరపళ్లు వేటను పట్టి చంపడానికి, చెంపల పక్క ఉన్న కత్తెరపళ్లు మాంసాన్ని కోయడానికి పనికి వస్తాయి. ఒక్క కోరపన్ను విరిగినా పులి అడవి జంతువును పట్టి చంపే శక్తి తగ్గిపోతుంది. ఈ విషయం 9.4లో మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

9.2.4 చర్మం, కొవ్వు

ఏనుగు, ఖడ్గమృగాలతో పోలిస్తే పులి చర్మం పలుచన. కాని అది ఒంటికి వదులుగా ఉంటుంది. తూటా తగిలిన తరవాత పులి కదిలితే చర్మం జరిగి, దాని మీది రంధ్రం కండలోని రంధ్రంతో కలవకుండా పోతుంది. చర్మం కింది కొవ్వు కూడా గాయాన్ని మూసేస్తుంది. రక్తం లోపలే కారి, నేల మీద జాడ తక్కువగా పడుతుంది. నేల మీద రక్తం లేదు కాబట్టి తూటా తగలలేదు అనుకొని వెళ్లిపోయిన వేటగాడు, గాయపడిన పులిని ఊరివాళ్లకు వదిలి వెళ్లినట్లే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. పులి నడుస్తున్నప్పుడు భుజాన్ని గుర్తుగా పెట్టుకొని గురి చూడటం ఎందుకు నమ్మదగినది కాదు?
2. రక్తపు జాడ లేకపోయినా పులికి గాయం తగిలి ఉండవచ్చు. ఎందువల్ల?

9.3 తుపాకి ఎంపిక

9.3.1 నున్నని గొట్టం, గాడుల గొట్టం

మన పల్లెల్లో నాటు తుపాకి అని పిలిచేది మూతి వైపు నుంచి మందు, గుండ్లు కూరి పేల్చే నున్నని గొట్టపు తుపాకి. పిట్టల వేటకు వాడే జోడు గొట్టాల తుపాకిదీ నున్నని గొట్టమే. దాని తూటాలో అనేక సీసపు గుండ్లు ఉంటాయి. దగ్గరగా ఉన్నప్పుడు ఆ గుండ్లన్నీ ఒకే చోట తగులుతాయి. దూరం పెరిగేకొద్దీ విడిపోతాయి, బలం తగ్గుతుంది. అప్పుడు చర్మం, కండ దాటి ప్రాణస్థానాన్ని చేరవు. మందు కూరడానికి సమయం పట్టే నాటు తుపాకితో రెండోసారి పేల్చే అవకాశం దాదాపు ఉండదు.

రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటి వల్ల తూటా తన చుట్టూ తాను తిరుగుతూ సూటిగా పోతుంది. 19వ శతాబ్దం చివర నల్లమందు స్థానంలో కార్డైట్ అనే పొగ తక్కువ ఉన్న మందు వచ్చింది. దానితో తూటా వేగం బాగా పెరిగింది. పేల్చగానే కమ్మే పొగ తగ్గి, పులి ఎటు పోయిందో చూడటం కూడా వీలైంది.

9.3.2 తూటా శక్తి

తుపాకి పేరులోని అంకె గొట్టం లేదా తూటా వ్యాసాన్ని సుమారుగా తెలుపుతుంది. 0.375 అంటే అంగుళంలో వెయ్యింట 375 వంతులు, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లు. అయితే వ్యాసం ఒక్కటే శక్తిని నిర్ణయించదు. మీరు భౌతికశాస్త్రంలో చదివిన గతిజ శక్తి సూత్రాన్ని ఇక్కడ అన్వయించండి:

శక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం × వేగం

1912లో వచ్చిన 0.375 హోలాండ్ అండ్ హోలాండ్ మాగ్నమ్ తూటా 19.4 గ్రాములు (0.0194 కిలోగ్రాములు), వేగం సెకనుకు 760 మీటర్లు అనుకుందాం. శక్తి సుమారు 5,600 జౌల్‌లు వస్తుంది. 0.275 రిగ్బీ తూటా 9.1 గ్రాములు, వేగం సెకనుకు 800 మీటర్లు అనుకుంటే శక్తి సుమారు 2,900 జౌల్‌లు. వేగం కొంచెం ఎక్కువే అయినా బరువు సగానికన్నా తక్కువ కాబట్టి శక్తి సగమే.

మరి ఎక్కువ శక్తి ఉన్న తుపాకి ఎప్పుడూ మంచిదేనా? కాదు. శక్తి పెరిగితే తుపాకి భుజాన్ని వెనక్కి తన్నే బలం కూడా పెరుగుతుంది. ఆ తన్నుకు భయపడేవాడు మీట నొక్కే క్షణంలో ఉలిక్కిపడి గురి తప్పుతాడు. జిమ్ కార్బెట్ తేలికైన 0.275 రిగ్బీనీ, అంతకన్నా బరువైన 0.450/400 జోడు గొట్టాల రైఫిల్‌నూ వాడాడు. దక్షిణాదిన కెన్నెత్ ఆండర్సన్ 0.405 వించెస్టర్‌ను ఇష్టపడ్డాడు. నాటి చిత్తూరు జిల్లా మామండూరు, నల్లమలలోని దిగువమెట్ట అడవులు ఆయన రచనల్లో కనిపిస్తాయి. వీళ్ల అనుభవం చెప్పేది ఒకటే: ముందు తూటా తగిలే చోటు, తరవాత తూటా శక్తి. శక్తి చాలినంత ఉండాలి, చేతికి లొంగాలి.

ఆఫ్రికాలోని కొన్ని దేశాల్లో అనుమతితో వేట నేటికీ సాగుతున్నది. ప్రమాదకరమైన పెద్ద జంతువులకు ఎంత వ్యాసానికి, ఎంత శక్తికి తగ్గని తుపాకి వాడాలో అక్కడి నిబంధనలే నిర్ణయిస్తాయి. 0.375 చాలాచోట్ల ప్రమాణంగా నిలిచింది. తుపాకి ఎంపికను వేటగాడి ఇష్టానికి వదలకుండా చట్టం పట్టించుకోవడానికి కారణం గాయపడిన జంతువు తెచ్చే ప్రమాదమే.

9.3.3 తూటా నిర్మాణం

తూటాలు ముఖ్యంగా రెండు రకాలు. గట్టి లోహపు తొడుగు పూర్తిగా కప్పినది ఒకటి. అది ఆకారం చెడకుండా లోతుగా దూసుకుపోతుంది. ఏనుగు వంటి మందపాటి చర్మం, పెద్ద ఎముకలు ఉన్న జంతువులకు దానిని వాడేవారు. రెండోది మెత్తని సీసపు ముక్కు ఉన్నది. శరీరంలోకి పోగానే ముక్కు పువ్వులా విచ్చుకొని, తన శక్తిని లోపలే ఖర్చు చేస్తుంది. పలుచని చర్మం ఉన్న పులి, చిరుతలకు ఈ రెండో రకమే తగినది. గట్టి తూటా పులి శరీరాన్ని ఒక వైపు నుంచి ఇంకో వైపుకు సన్నని రంధ్రం చేసి బయటికి పోతుంది. దాని శక్తిలో ఎక్కువ భాగం వెనక ఉన్న చెట్టుకో, కొన్నిసార్లు మనిషికో తగులుతుంది.

9.3.4 రెండో తూటా

జోడు గొట్టాల రైఫిల్‌లో రెండో తూటా వెంటనే పేల్చవచ్చు. ఒకటి పేలకపోయినా రెండోది ఉంటుంది. కాని రెండు పేలగానే తెరిచి మళ్లీ నింపాలి. గొళ్లెం లాగి పేల్చే రైఫిల్‌లో మూడు నుంచి ఐదు తూటాలు పట్టవచ్చు, కాని ఒక్కొక్క తూటాకూ గొళ్లెం లాగాలి. దగ్గరి పొదల్లో మొదటిది, దూరపు గురికి రెండోది మేలని భావించేవారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. పులికి గట్టి తొడుగు తూటా కన్నా మెత్తని ముక్కు తూటా ఎందుకు తగినది?
4. తూటా బరువు అలాగే ఉండి వేగం రెట్టింపైతే శక్తి ఎన్ని రెట్లు అవుతుంది?

9.4 గురి తప్పితే ఏమవుతుంది: రెండు ఉదాహరణలు

9.4.1 చంపావత్ ఆడపులి

హిమాలయాల దిగువన ఉన్న కుమావూ ప్రాంతంలో 1907లో జిమ్ కార్బెట్ ఒక ఆడపులిని చంపాడు. కార్బెట్ ఇచ్చిన లెక్క ప్రకారం అది నేపాల్‌లోనూ కుమావూలోనూ కలిపి 436 మందిని చంపింది. చచ్చిన తరవాత దాని నోరు తెరిచి చూస్తే, కుడి వైపు పై కోరపన్ను సగానికి విరిగి ఉంది, కింది కోరపన్ను ఎముక దాకా పోయింది. అది పాత తూటా దెబ్బ. అడవి జంతువును పట్టలేని స్థితిలో ఆ పులి మనిషి మీదికి మళ్లిందని కార్బెట్ నిర్ధారించాడు. ఎన్నో ఏళ్ల కిందట ఎవరో పేల్చిన ఒక తూటా, తగలవలసిన చోట తగలకుండా దవడకు తగిలింది. దాని మూల్యాన్ని వందల కుటుంబాలు చెల్లించాయి.

అదే వేటలో తుపాకి ఎంపిక పాఠం కూడా ఉంది. కార్బెట్ తన రైఫిల్‌కు మూడే తూటాలు తెచ్చుకున్నాడు. అవి అయిపోయాయి, గాయపడిన పులి ఇంకా ఎదురుగా ఉంది. తహసీల్దారు చేతిలోని పాత తుపాకిని లాక్కొని సుమారు 20 అడుగుల దూరం నుంచి పులి నోటికి గురి పెట్టి పేల్చాడు. ఆ తుపాకి గొట్టానికీ, వెనక భాగానికీ మధ్య సందు ఉంది. తూటా నోటికి కాక ముందు పాదానికి తగిలింది. పులి అప్పటికే ముందటి గాయాలతో చివరి ఊపిరిలో ఉంది కాబట్టి కార్బెట్ బతికాడు.

ఆ రోజు అడవిని తోలడానికి దాదాపు 300 మంది ఊరివాళ్లు వచ్చారు. లైసెన్సు లేని తుపాకులు తెచ్చినా చూసీచూడనట్లు ఉంటానని తహసీల్దారు ముందే కబురు పంపాడు. 1878 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉండరాదు. పులి బారిన పడేవాళ్ల చేతిలో సరైన తుపాకి లేకపోవడం, సరదాకు వేటాడేవాళ్ల చేతిలో ఉండటం ఆనాటి వ్యవస్థలోని వైరుధ్యం.

9.4.2 రుద్రప్రయాగ చిరుత

గఢ్‌వాల్ ప్రాంతంలో 1918 నుంచి 1926 వరకు ఒక చిరుత 125 మందిని చంపినట్లు అధికారిక లెక్క. కేదార్‌నాథ్, బదరీనాథ్ యాత్రికులు నడిచే దారి అది. 1921లో ఇద్దరు సైనికాధికారులు దానిపై కాల్పులు జరిపారు. తూటా వెనక పాదానికి మాత్రమే తగిలింది. చిరుత తప్పించుకొని ఇంకో ఐదేళ్లు మనుషులను చంపింది. 1926 మేలో కార్బెట్ దానిని చంపినప్పుడు పాదం మీద ఆ పాత గాయపు గుర్తు కనిపించింది. ఆ చిరుత మనుషులను తినడం మొదలైంది ఆ తూటా వల్ల కాదు, అంతకు ముందే. కాని చేతికి చిక్కిన అవకాశం చేజారితే ఎంత నష్టమో ఈ ఉదాహరణ చెబుతుంది.

9.5 గాయపడిన పులి వెంట

గాయపడిన పులిని వెతికి చంపకుండా అడవి వదిలి పోకూడదన్నది వేటగాళ్లు ఒప్పుకొన్న నియమం. దీనికి కొన్ని పద్ధతులు ఉండేవి. పేల్చిన వెంటనే మంచె దిగకూడదు. కొంతసేపు ఆగితే గాయం బిగిసి పులి నీరసిస్తుంది. తూటా తగిలిన చోట వెంట్రుకలు, ఎముక ముక్కలు, రక్తపు రంగు చూడాలి. నురుగుతో కూడిన ఎర్రని రక్తం ఊపిరితిత్తులకు, ముదురు రక్తంతో కలిసిన పేడ వంటి పదార్థం కడుపుకు తగిలినట్లు తెలుపుతాయి. దట్టమైన పొదల్లోకి దున్నల మందను తోలి పులి ఎక్కడ ఉందో తెలుసుకొనేవారు.

కాని ఈ నియమాన్ని అందరూ పాటించలేదు. చాలాసార్లు గాయపడిన పులిని వెతకడానికి పొదల్లోకి వెళ్లింది చేతికర్రలు పట్టుకొన్న తోలేవాళ్లే. దేహ నిర్మాణం తెలియని గురికి, బలం చాలని తుపాకికి వాళ్లు ప్రాణాలు ఒడ్డవలసి వచ్చింది.

9.6 నేటి చట్టం, మత్తు తుపాకి

1970లో పులుల వేటను దేశమంతటా నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ ఏడాది లెక్కల్లో దేశంలోని పులుల సంఖ్య 1,827గా తేలింది. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. పెద్దపులి, చిరుత, సింహం చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చట్టంలో 'వేట' అంటే చంపడం మాత్రమే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా.

మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన జంతువు విషయంలో 11వ సెక్షన్ ఒక మినహాయింపు ఇస్తుంది. రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు రాసి, లిఖితపూర్వకంగా అనుమతించాలి. దానిని పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, వేరే చోటికి తరలించడం సాధ్యం కాదని నిర్ధారించుకొన్న తరవాతే చంపడానికి అనుమతి ఉంటుంది.

అంటే నేడు మొదటి ఆయుధం మత్తు తుపాకి. ఇక్కడ పాత పరిజ్ఞానం కొత్త రూపంలో పనికి వస్తుంది. వేటగాడు గుండె ఎక్కడ ఉందో వెతికాడు, పశువైద్యుడు గుండెకు దూరంగా ఉన్న మందపాటి కండను వెతుకుతాడు. తొడ లేదా భుజం కండలో మత్తు సూది దిగాలి. రొమ్ములో, కడుపులో, తలలో దిగితే జంతువు చావవచ్చు. తుపాకి బలం ఎక్కువైతే సూది ఎముకను విరుస్తుంది, తక్కువైతే కండలోకి దిగదు. జైలజిన్, కెటమిన్ వంటి మందుల మోతాదు జంతువు బరువును బట్టి ఉంటుంది. బరువు అంచనా తప్పితే మోతాదూ తప్పుతుంది. సూది తగిలినా మత్తు ఎక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో గుంపు అరిచి తరిమితే జంతువు మీద పడవచ్చు, లేదా నీళ్లలో పడి చావవచ్చు. కాబట్టి జనాన్ని దూరంగా ఉంచడం కూడా ఈ పనిలో భాగమే.

నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాలు మన రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. అడవిపందుల కోసం పొలాల గట్ల మీద పెట్టే ఉచ్చులు, కరెంటు తీగలు పులికీ చిరుతకూ తగులుతాయి. ఉచ్చు తెంచుకొని పోయిన చిరుత కాలు కుళ్లిపోతే అది కుంటిదవుతుంది. కుంటి చిరుత దుప్పిని పట్టలేదు. అప్పుడు అది ఊరి కుక్క వైపు, మేక వైపు చూస్తుంది. చంపావత్ పులి విరిగిన పన్నుకూ, నేటి ఉచ్చు గాయానికీ తేడా ఆయుధంలో మాత్రమే ఉంది.

9.7 సారాంశం

పులి, చిరుతల భుజం వదులుగా కదులుతుంది, గుండె కొంత వెనక్కి ఉన్నట్లు కనిపిస్తుంది, పుర్రె వాలుగా ఉంటుంది, వదులు చర్మం గాయాన్ని దాస్తుంది. ఈ విషయాలు తెలియని గురి పులిని చంపకుండా గాయపరుస్తుంది. తుపాకిని ఎంచుకొనేటప్పుడు తూటా శక్తి, తూటా నిర్మాణం, రెండో తూటా వీలు, చేతికి లొంగడం అనే నాలుగు అంశాలను చూసేవారు. సరిగా తగలని తూటా భారం పేల్చినవాడి మీద కాక, ఆ అడవి పక్కన బతికేవాళ్ల మీద పడింది. నేడు వేట నేరమైనా, దేహ నిర్మాణ పరిజ్ఞానం మత్తు తుపాకి వాడకంలో జంతువునూ మనిషినీ కాపాడటానికి ఉపయోగపడుతున్నది.

9.8 పదకోశం

జత్రువు: భుజాన్ని రొమ్ము ఎముకతో కలిపే ఎముక.
గాడులు: రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగి ఉండే కాలువలు.
కార్డైట్: నల్లమందుకు బదులుగా వచ్చిన, పొగ తక్కువ ఉన్న పేలుడు మందు.
మంచె: చెట్టు మీద వేటగాడు కూర్చొనేందుకు కట్టే అట్టం.
తోలేవాళ్లు: చప్పుడు చేస్తూ జంతువును వేటగాడి వైపు తరిమేవాళ్లు.

9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. భుజం కండరాలతో మాత్రమే అతుక్కొని ఉండటం వల్ల నడకలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. లోపలి గుండె స్థానం మారదు.
2. వదులు చర్మం జరిగి, కింది కొవ్వు అడ్డుపడి గాయం మూసుకుంటుంది. రక్తం లోపలే కారుతుంది.
3. అది లోపల విచ్చుకొని శక్తిని శరీరంలోనే ఖర్చు చేస్తుంది. గట్టి తూటా సన్నని రంధ్రం చేసి బయటికి పోతుంది.
4. నాలుగు రెట్లు.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పులి దేహ నిర్మాణం వేటగాడి గురిని ఎలా ప్రభావితం చేస్తుందో వివరించండి.
2. "సరిగా తగలని తూటా భారం పేల్చినవాడి మీద పడదు." చంపావత్, రుద్రప్రయాగ ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తుపాకి ఎంపికలో శక్తితో పాటు చూడవలసిన అంశాలేవి?
2. 1972 చట్టం 11వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన పులి విషయంలో పాటించవలసిన క్రమాన్ని తెలపండి.
3. మత్తు తుపాకి వాడకంలో దేహ నిర్మాణ పరిజ్ఞానం పాత్రను రాయండి.